ఆశ వదులుకోమని చెప్పకండి

"బతికినా మామూలు మనిషి కాదు. ఎందుకొచ్చిన తిప్పలు, ఇంటికి తీసుకుపోండి."

తలలో నీరు చేరిన పసిబిడ్డను ఒళ్లో పెట్టుకున్న తల్లికి మన దగ్గర అందే మొదటి సలహా చాలాసార్లు ఇదే. ఊళ్లో ఒకరిద్దరు ముసలివాళ్లు అనే మాటే అయితే ఈ వ్యాసం రాయాల్సిన పని లేదు. ఆర్‌ఎంపీ అంటాడు. స్కానింగ్ సెంటర్లో రిపోర్టు చేతికిచ్చే మనిషి అంటాడు. నాలుగు ముక్కలు చదువుకున్న బంధువు అంటాడు. మెడలో స్టెతస్కోపు ఉన్నవాళ్లూ కొందరు అంటారు. బాలింత మంచం పక్కన కూర్చున్న అత్తగారు "చిన్న వయసేగా తల్లీ, ఇంకో బిడ్డను కంటావులే" అని వెన్ను నిమురుతుంది. వీళ్లలో ఎక్కువమంది జాలితోనే అంటారు. ఆ జాలిని నేను శంకించను. కానీ ఆ మాట తప్పు. వైద్యం ప్రకారం తప్పు, నీతి ప్రకారం అంతకంటే పెద్ద తప్పు. పైగా అది తనంతట తానే నిజమైపోయే తప్పు. ప్రయోజనం లేదని ఆపరేషన్ మానేస్తాం. మానేసినందుకు మెదడు నలిగిపోతుంది. నలిగిపోయిన బిడ్డను చూపించి, మేం ముందే చెప్పలేదా అంటాం.

అసలు లోపల జరిగేదేమిటో తెలిస్తే ఈ నిరాశకు సగం బలం పోతుంది. మెదడు లోపల ఒకదానితో ఒకటి కలిసిన నాలుగు గదులుంటాయి. వాటిలో ఉండే రక్తనాళాల కుచ్చుల నుంచి తేటనీటి లాంటి ద్రవం రాత్రీ పగలూ ఊరుతూనే ఉంటుంది. పెద్దవాళ్లలో రోజుకు దాదాపు అర లీటరు ఊరుతుంది. ఏ సమయంలో చూసినా తలలోనూ వెన్నులోనూ కలిపి ఉండేది మాత్రం 150 మిల్లీలీటర్లే. అంటే రోజులో మూడుసార్లు పాతది పోయి కొత్తది వస్తోందన్నమాట. పాతది గదుల్లోంచి బయటపడి, మెదడు పైపొరల్లోకి చేరి, రక్తంలో కలిసిపోవాలి. మూడో గదికీ నాలుగో గదికీ మధ్య దారి చాలా సన్నం. అది పుట్టుకతోనే ఇరుకై ఉండొచ్చు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ మెదడు గదుల్లో నెత్తురు చిమ్మి గడ్డకట్టొచ్చు. పుట్టిన కొన్నాళ్లకే మెనింజైటిస్ వచ్చి చీము దారులను పూడ్చేయొచ్చు. వీపు మీద తిత్తితో పుట్టే స్పైనా బిఫిడా బిడ్డల్లో చిన్నమెదడు కిందికి జారి అడ్డుపడొచ్చు. కారణం ఏదైనా, ఊరేది ఊరుతూనే ఉంటుంది, పోవాల్సింది పోదు. గదులు ఉబ్బుతాయి. మెదడు పుర్రె గోడవైపు ఒత్తుకుపోతుంది.

పెద్దవాళ్లకు ఇలా ఉన్నట్టుండి అడ్డుపడితే గంటల్లో ప్రాణం మీదికి రావచ్చు. పసిబిడ్డకు పుర్రె ఎముకలు ఇంకా అతుక్కోలేదు కనుక తల పెరిగి కొంత గడువు దొరుకుతుంది. ఇది వైద్యులకూ తల్లిదండ్రులకూ ప్రకృతి ఇచ్చిన అవకాశం. దాన్ని మనం దిష్టి తీయడానికీ, తాయెత్తు కట్టడానికీ, ఇంకో నెల చూద్దామనడానికీ ఖర్చు చేస్తున్నాం. పత్రికల్లో ఫోటోలుగా వచ్చే ఆ పెద్ద తలలు జబ్బు మొదటి రోజున అలా లేవు. గుమ్మడికాయంత తల జబ్బు గుర్తు కాదు, ఆలస్యం గుర్తు.

గ్రహణం చూసినందుకు, గర్భిణి కూర్చోకూడని చోట కూర్చున్నందుకు ఇలా పుట్టిందనే వాళ్లతో నేను ఎక్కువసేపు వాదించను. పైన చెప్పిన నాలుగు కారణాల్లో గ్రహణానికి చోటు లేదు. మేనరికం గురించి మాత్రం ఒక మాట. దగ్గరి సంబంధాల వల్ల కొన్ని అరుదైన వంశపారంపర్య జబ్బులు పెరిగే మాట నిజమే. కానీ నెత్తురు చిమ్మడం వల్లో చీము వల్లో వచ్చిన జబ్బుకు పెళ్లి సంబంధాన్ని నిందించడం అన్యాయం. ఆ నింద చివరికి వెళ్లి పడేది తల్లి మీదే.

నేను గట్టిగా ఖండించాల్సింది ఇంతకంటే చదువుకున్న మాటను. "స్కాన్‌లో మెదడే లేదు, అంతా నీరే" అంటారే, ఆ మాటను. ఫిల్మ్ వెలుతురుకు పెట్టి చూపిస్తారు. మధ్యలో అంతా నల్లగా నీరు, అంచున సన్నటి బూడిదరంగు గీత. ఆ గీతే మెదడు. అది లేకుండా పోలేదు, అణిగి ఉంది. ఒత్తిడి తీస్తే, పసిబిడ్డల్లో ముఖ్యంగా, ఆ గీత మళ్లీ మందమవుతుంది. ఆపరేషన్‌కు ముందు, తర్వాత తీసిన స్కాన్లు పక్కపక్కన పెట్టి చూస్తే వైద్యం తెలియనివారికి కూడా ఆ తేడా కనిపిస్తుంది. మెదడు నిజంగానే నశించి, దాని స్థానంలో నీరే మిగిలే మరో పరిస్థితి ఉంది, హైడ్రనెన్‌సెఫలీ అంటారు. అది వేరే, చాలా అరుదు. ఆ రెంటినీ వేరు చేసి చెప్పాల్సింది స్కాన్ చదవడంలో శిక్షణ పొందిన నిపుణులు. ఫిల్మ్ ఇచ్చే మనిషి కాదు, ఫిల్మ్ చూసి నిట్టూర్చే బంధువు అసలే కాదు.

అణిగిన మెదడుతో మనిషి ఎంతవరకు బతకగలడన్నదానికి 2007లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక కేసు చూడండి. ఫ్రాన్స్‌లో 44 ఏళ్ల ప్రభుత్వోద్యోగి ఒకాయన కాలు బలహీనంగా ఉందని ఆస్పత్రికి వెళ్లాడు. స్కాన్ తీస్తే పుర్రెలో చాలా భాగం నీరే. ఆరు నెలల వయసులో ఆయనకు తలలో నీరు చేరితే గొట్టం వేశారు. ఆయనకు పెళ్లయింది, ఇద్దరు పిల్లలు, ఉద్యోగం చేసుకుంటున్నాడు. తెలివితేటల పరీక్షలో 75 వచ్చింది, అంటే సగటు కంటే బాగా తక్కువే. దాన్ని నేను దాచను. కానీ ఆ స్కాన్ ఒక్కటే చూసి ఆ మనిషి జీవితాన్ని ఊహించమంటే మనలో ఎవరైనా సరిగ్గా ఊహించేవాళ్లమా?

ఈ నిరాశావాదానికి వైద్యశాస్త్రంలోనే ఒక చరిత్ర ఉంది. ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ నగరానికి చెందిన జాన్ లార్బర్ అనే పిల్లల వైద్యుడు 1971లో, స్పైనా బిఫిడాతో పుట్టిన 524 మంది బిడ్డల అనుభవం ఆధారంగా కొన్ని కొలమానాలు ప్రకటించాడు. అవి ఉన్న బిడ్డలకు ఆపరేషన్ చేయకపోవడమే మేలన్నాడు. పుట్టినప్పుడే తల బాగా పెద్దదై ఉండటం ఆ కొలమానాల్లో ఒకటి. ఎన్నో ఆస్పత్రులు దాన్ని పాటించాయి. చికిత్స అందక చనిపోయిన బిడ్డలను చూపించి, చూశారా, ఎలాగూ బతికేవాళ్లు కాదు అనుకున్నారు. ఆ తర్వాత చికాగోలో డేవిడ్ మెక్లోన్ ఎంపిక మానేశాడు. వచ్చిన ప్రతి బిడ్డకూ ఆపరేషన్ చేశాడు, వదలకుండా వెంటపడి చూసుకున్నాడు. వాళ్లలో ఎక్కువమంది మామూలు తెలివితేటలతోనే పెరిగారు. అదే జబ్బు, అవే తలలు. మారింది వైద్యుల నమ్మకం, అది నడిపించిన చేతులు.

లార్బర్ గురించే ఇంకో సంగతి ఉంది. 1980లో సైన్స్ పత్రికలో ఆయన పరిశీలనల మీద ఒక కథనం వచ్చింది. షెఫీల్డ్ విశ్వవిద్యాలయంలో గణితంలో ప్రథమ శ్రేణి సాధించిన విద్యార్థి, తెలివితేటల పరీక్షలో 126. స్కాన్ తీస్తే మెదడు గోడ మందం చాలా చోట్ల మిల్లీమీటరు లెక్కలో ఉందని లార్బర్ చెప్పాడు. ఆ కొలతను ఆయన అతిగా అర్థం చేసుకున్నాడని తర్వాత విమర్శలు వచ్చాయి, అవి సబబే కావచ్చు. నాకు ముఖ్యంగా తోచేది వేరు. తల సైజు చూసి ఏ బిడ్డకు వైద్యం వద్దో నిర్ణయించవచ్చని చెప్పిన మనిషే, తలలోపలి చిత్రం చూసి మనిషిని అంచనా కట్టలేమనడానికి సాక్ష్యం తెచ్చాడు. కొలమానం రాసినవాడే దాన్ని దాటి చూడాల్సి వచ్చినప్పుడు, మన జిల్లా కేంద్రాల్లో ఇంకా ఆ పాత తీర్పే ఎందుకు చెబుతున్నాం?

ఇక ఆపరేషన్ సంగతి. చాలామంది తల్లిదండ్రులు మెదడు కోస్తారనుకుని భయపడతారు. చెవి వెనకో, కొంచెం పైనో పుర్రెకు చిన్న రంధ్రం చేస్తారు. దానిలోంచి సిలికోన్ గొట్టం కొసను నీటి గదిలోకి పంపుతారు. ఆ గొట్టాన్ని మెడ, ఛాతీ మీదుగా చర్మం కిందనే దింపి పొట్టలోకి వదులుతారు. మధ్యలో ఒక వాల్వు ఉంటుంది, ఒత్తిడి పెరిగినప్పుడే తెరుచుకుంటుంది, నీటిని ఒకవైపే పోనిస్తుంది. పొట్టలోకి చేరిన నీటిని శరీరమే పీల్చుకుంటుంది. పిల్లవాడు ఎదిగేకొద్దీ గొట్టం చాలకుండా పోకూడదని పొట్టలో కొంత గొట్టాన్ని చుట్టలుగా మిగిలిస్తారు. ఆరితేరిన చేతుల్లో గంట, గంటన్నర పని. మొదటిసారి చూసినవారికి నమ్మబుద్ధి కాదు. రాయిలా బిగుసుకుని ఉబ్బి ఉన్న మాడు మర్నాటికి మెత్తబడి లోపలికి దిగుతుంది. కిందికి వాలిపోయి, తెల్లగుడ్డు పైన కనిపిస్తూ ఉన్న కళ్లు రోజులు గడిచేకొద్దీ పైకి చూస్తాయి. ఏడుపు తగ్గుతుంది, పాలు తాగుతుంది.

ఈ వాల్వు కనిపెట్టింది గొప్ప ప్రయోగశాల కాదు. 1955లో స్పైనా బిఫిడాతో పుట్టిన తన కొడుకు కోసం ఫిలడెల్ఫియా దగ్గర జాన్ హోల్టర్ అనే మెకానిక్, న్యూరోసర్జన్ యూజీన్ స్పిట్జ్‌తో కలిసి 1956లో దాన్ని తయారు చేశాడు. 1960లో న్యూయార్క్‌లో టాక్సీ గుద్ది తలలో నీరు చేరిన కొడుకు కోసం పిల్లల రచయిత రోల్డ్ డాల్ కూడా ఊరుకోలేదు. స్టాన్లీ వేడ్ అనే ఇంజనీరునూ కెన్నెత్ టిల్ అనే సర్జన్‌నూ కూర్చోబెట్టి ఇంకో వాల్వు రూపొందింపజేశాడు. ఇద్దరు తండ్రులూ తమ బిడ్డల మీద ఆశ వదులుకోలేదు.

"అదంతా అమెరికా, ఇంగ్లండ్. మనకెక్కడ?" అనేవారికి జవాబు ఉత్తరప్రదేశ్‌లోని షాజహాన్‌పూర్‌లో ఉంది. పైన చెప్పిన గొట్టం, వాల్వు కలిసిన అమరికనే షంట్ అంటారు; ఛాబ్రా షంట్ అక్కడే తయారవుతుంది. ఉగాండాలోని ఎంబాలే పట్టణంలో బెంజమిన్ వార్ఫ్ అనే సర్జన్ 195 మంది పిల్లల్లో దాన్ని ఖరీదైన విదేశీ షంటుతో పోల్చి 2005లో ఫలితాలు ప్రచురించాడు. అప్పట్లో మనది 35 డాలర్లు, వాళ్లది 650 డాలర్లు. ఏడాది తర్వాత ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అదే వార్ఫ్, గొట్టం అక్కర్లేకుండా ఎండోస్కోపుతో మూడో గది అడుగున దారి తీసి, నీరు ఊరే కుచ్చులను కొంత కాల్చే పద్ధతిని కూడా చంటిపిల్లల్లో నిలబెట్టాడు. 100 మంది పసిబిడ్డల మీద జరిగిన పరీక్షలో ఏడాదికి పిల్లల మానసిక ఎదుగుదల రెండు పద్ధతుల్లోనూ ఒకేలా ఉందని 2017లో తేలింది. ఉగాండాలో ఒక పట్టణంలో చేయగలిగింది ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో చేయలేమని ఏ మొహం పెట్టుకుని అంటాం? షంట్ ఆపరేషన్ ఆరోగ్యశ్రీ లాంటి ప్రభుత్వ ఆరోగ్య పథకాల జాబితాలో ఉంది. హైదరాబాద్‌లో నిమ్స్, గాంధీ, ఉస్మానియా ఉన్నాయి; విశాఖలో కేజీహెచ్, తిరుపతిలో స్విమ్స్ ఉన్నాయి. డబ్బు లేక ఆగిపోయే ఇళ్లున్నాయి, కాదనను. కానీ డబ్బు గురించి కనుక్కోకముందే ఆశ వదులుకున్న ఇళ్లు వాటికంటే ఎక్కువని నా నమ్మకం.

అవతలి వాదంలో బలమైన మాట ఒకటుంది, దాన్ని దాటవేయను. "ఒక్కసారితో అయ్యే పని కాదు, మళ్లీ మళ్లీ కోయాలి" అంటారు. నిజమే. పిల్లల్లో వేసిన షంట్లలో దాదాపు సగం రెండేళ్లలో ఏదో ఒక ఇబ్బందితో మొరాయిస్తాయి. మూసుకుపోతాయి, ఊడిపోతాయి, కొన్నిటికి ఇన్ఫెక్షన్ సోకుతుంది. మళ్లీ ఆపరేషన్ పడుతుంది. కానీ దీని నుంచి తేలాల్సిన నిర్ణయం ఏమిటి? మధుమేహం ఉన్న పిల్లవాడికి జీవితాంతం ఇన్సులిన్ కావాలని తెలిసి మొదటి సూదే మానేస్తామా? షంట్ మూసుకుపోతుందని తెలిస్తే, మూసుకుపోయిన రోజు ఎక్కడికి పరుగెత్తాలో తల్లికి ముందే చెప్పి పంపాలి. వాంతులు, విడవని ఏడుపు, పెద్దపిల్లలైతే తలనొప్పి, మాటిమాటికీ నిద్రమత్తు, మళ్లీ ఉబ్బిన మాడు. ఈ నాలుగైదు గుర్తులు ఒక కాగితం మీద తెలుగులో రాసి డిశ్చార్జి రోజున చేతికిస్తే ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి. వాంతులు చూసి అజీర్తి అనుకుని సిరప్ పోసి రెండు రోజులు ఆగిన ఇళ్లలో పోయిన పిల్లల్ని ఆపరేషన్ విఫలమైన లెక్కలో వేయడం న్యాయం కాదు.

అసలు వదిలేస్తే ఏమవుతుంది? "దేవుడు తీసుకుపోతాడు" అని అందరూ అనుకుంటారు. అది కూడా నిజం కాదు. 1962లో బ్రిటన్‌లో ఆపరేషన్ లేకుండా మిగిలిన 182 మంది పిల్లల గతి ఏమైందో లారెన్స్, కోట్స్ అనే వైద్యులు రాసిపెట్టారు. దాదాపు సగం మంది చనిపోయారు. మిగతావాళ్లు బతికారు. వదిలేసిన బిడ్డ చాలాసార్లు వెంటనే పోదు. తల పెరుగుతూ ఉంటుంది. మెడ నిలపలేదు, పక్కకు తిరగలేదు. ఒకేవైపు ఒత్తుకున్న చోట తల చర్మం పుండు పడుతుంది. కంటి నరాలు దెబ్బతిని చూపు పోతుంది. నొప్పి ఉంది, చెప్పే మాట లేదు. ఆ తలను ఒక చేత్తో, ఒంటిని ఇంకో చేత్తో పట్టుకుని స్నానం చేయించడానికి ఇద్దరు మనుషులు కావాలి. తెలివితేటలు వస్తాయా రావా అన్న ప్రశ్న పక్కన పెట్టినా, ఈ బాధ తీయడానికే ఆపరేషన్ చేయాలి. చేయకుండా వదిలేయడాన్ని కరుణ అనేవారు ఏడాది తర్వాత ఆ ఇంటికి ఒకసారి వెళ్లి రావాలి.

ఆడపిల్ల అయితే ఈ వదిలేయడం ఇంకా తొందరగా జరుగుతుంది. "ఆడపిల్ల, పైగా ఇలా" అన్న రెండు ముక్కలతో తేల్చేస్తారు. దీని మీద ఇంకేం వాదించాలి?

కడుపులో ఉండగానే తెలిసే సందర్భాలు వేరు. మెదడు గది వెడల్పు 10 మిల్లీమీటర్లు దాటితే స్కాన్‌లో రాస్తారు, 15 దాటితే తీవ్రం అంటారు. తీవ్రమైన లోపాలుంటే 24 వారాల తర్వాత కూడా మెడికల్ బోర్డు అనుమతితో గర్భస్రావానికి 2021 చట్ట సవరణ వీలిచ్చింది. ఆ నిర్ణయం ఆ తల్లిది, నేను వేలుపెట్టను. కానీ 10, 12 మధ్య ఉండి వేరే ఏ లోపమూ కనిపించని బిడ్డల్లో నూటికి తొంభై మందికి పైగా మామూలుగానే ఎదుగుతారు. ఆ సంగతి చెప్పకుండా, "తలలో నీరుందమ్మా" అని ఒక్క వాక్యం అనేసి మరో పేషెంటును పిలిస్తే, ఆమె తీసుకునే నిర్ణయం ఆమెది కాకుండా పోతుంది.

నివారణలోనూ మన నిర్లక్ష్యం ఇలాంటిదే. స్పైనా బిఫిడాలో పెద్ద భాగం ఫోలిక్ యాసిడ్‌తో ఆపొచ్చని 1991లోనే బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ పరీక్ష నిరూపించింది. అంతకుముందు అలాంటి బిడ్డను కన్న తల్లులకు రోజుకు 4 మిల్లీగ్రాములు ఇస్తే ముప్పు 72 శాతం తగ్గింది. మామూలుగా అయితే రోజుకు 0.4 మిల్లీగ్రాములు చాలు, కానీ గర్భం రాకముందే మొదలుపెట్టాలి. కడుపులో బిడ్డ వెన్ను మూసుకోవడం గర్భం కుదిరిన నాలుగు వారాల్లో అయిపోతుంది, అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే తెలియదు. నాలుగో నెలలో అందే ఎర్ర ఐరన్ మాత్రలు రక్తహీనతకు మంచివి, వెన్ను విషయంలో మాత్రం అప్పటికే సమయం దాటిపోయింది. పెళ్లి ముహూర్తానికి ఇన్ని ఏర్పాట్లు చేసే ఇళ్లలో పెళ్లికూతురుకు ఈ చిన్న మాత్ర గురించి చెప్పేవాళ్లు ఒక్కరూ ఉండరు.

పత్రికల వాళ్లకు కూడా ఒక మాట. 2013లో త్రిపురలో 94 సెంటీమీటర్ల తలతో ఉన్న ఒక పాప ఫోటో ప్రపంచమంతా తిరిగింది. ఆ ఫోటో వల్లే ఆమెకు ఢిల్లీ దగ్గర ఆపరేషన్ జరిగింది, తల తగ్గింది, ఇంకొన్నేళ్లు తల్లిదండ్రుల దగ్గర పెరిగింది. ఐదేళ్ల వయసులో, 2017లో కన్నుమూసింది. ఆ ఫోటో వేసిన పేపర్లలో ఎన్ని, ఆ జబ్బుకు చికిత్స ఉందనీ తొలి నెలల్లోనే చేయించాలనీ పక్కన రెండు వాక్యాలు వేశాయి? వింత అని వేసి, చికిత్స అని వేయకపోవడం ఆ బిడ్డకూ, అలాంటి ఇంకో బిడ్డ ఉన్న ఇంటికీ ద్రోహమే.

ప్రపంచంలో ఏటా దాదాపు 4 లక్షల మంది పిల్లలకు కొత్తగా ఈ జబ్బు వస్తోందని 2018 నాటి ఒక అంచనా. వాళ్లలో మనవాళ్లను వేళకు పట్టుకోవడానికి కావలసింది ఎంఆర్ఐ కూడా కాదు, టైలర్ దగ్గర ఉండేలాంటి టేపు. కనుబొమ్మల పైన, చెవుల మీదుగా, తల వెనక అన్నిటికంటే ఎత్తుగా తగిలే ఎముక చుట్టూ తిప్పి చూడాలి. పుట్టినప్పుడు సుమారు 34, 35 సెంటీమీటర్లు ఉంటుంది. మొదటి మూడు నెలలు నెలకు రెండు సెంటీమీటర్ల చొప్పున పెరుగుతుంది, తర్వాత తగ్గుతుంది. వారానికి సెంటీమీటరు పెరుగుతోందంటే ఆగకూడదు. మాడు మూసుకోకముందు దాని మీద నుంచే అల్ట్రాసౌండ్ తీయొచ్చు, మత్తు అక్కర్లేదు, రేడియేషన్ లేదు. ఆస్పత్రిలో కాన్పయిన బిడ్డ దగ్గరికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆరుసార్లు వస్తుంది. ఆ తర్వాత 10, 14 వారాల టీకాలున్నాయి. ఇన్నిసార్లు బిడ్డను చేతుల్లోకి తీసుకుంటున్న వ్యవస్థ, బరువుతో పాటు తల కొలత కూడా కార్డు మీద రాయాలని పట్టుబట్టకపోవడాన్ని నేను క్షమించలేకపోతున్నాను. నెలలు నిండకుండా పుట్టి, వారాల తరబడి పెట్టెలో ఉండి ఇంటికి వెళ్లిన బిడ్డల్లోనైనా ఇది తప్పనిసరి చేయాలి. నెత్తురు చిమ్మే ముప్పు వాళ్లకే ఎక్కువ.

పీహెచ్‌సీలో, ప్రైవేటు నర్సింగ్‌హోంలో, స్కానింగ్ సెంటర్లో ఇలాంటి బిడ్డను మొదట చూసే వైద్యులను నేను అడిగేది ఇంతే. చీటీ మీద అత్యవసరం అని రాయండి. ఏ ఆస్పత్రికి, ఏ విభాగానికి వెళ్లాలో పేరుతో రాయండి. ఆరోగ్యశ్రీ కౌంటర్ ఎక్కడుంటుందో తండ్రికి చెప్పండి. న్యూరోసర్జన్ ఆ బిడ్డను చూడకముందు దాని భవిష్యత్తు మీద తీర్పు చెప్పకండి.